ఒక్క ఏడాది తేడా

మా విభాగంలో ఆవిడను అందరూ ప్రశ్నలక్క అనేవారు. ఆ పేరు పెట్టింది మేం కాదు, ఊళ్లోని వీధులు. ఇరవై రెండేళ్లపాటు ఎవరో ఒకరి గుమ్మం ముందు, చేతిలో పరీక్ష అట్ట పట్టుకుని నిలబడి, "ఒక్క పావుగంట మాట్లాడొచ్చాండీ?" అని అడిగిన మనిషి ఆవిడ.

మాది యూనివర్సిటీలో రాజనీతిశాస్త్ర విభాగం. పేరు గంభీరంగా ఉంటుంది గానీ, ఉన్నవి మేడ మీద మూడు గదులు. మొదటి గది ప్రొఫెసర్ గారిది. రెండోది నాది. ఇంటింటికీ తిరిగి నింపి తెచ్చిన ఫారాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, వందకు ఎంతమంది ఏమన్నారో తేల్చడం నా పని. మూడో గది నిండా ఫారాలే. వాటిలో సగానికి సగం ప్రశ్నలక్క చేతిరాత. ఆవిడతో పాటు తిరిగే ముగ్గురూ ఏటా మారిపోయేవారు. ఎండకు ఒకరు, కుక్కలకు ఒకరు, మొహం మీద తలుపు వేయించుకోలేక మరొకరు. ఆవిడ మాత్రం అలాగే ఉండిపోయింది. ఉద్యోగమూ అలాగే ఉండిపోయింది. చేరిన రోజు తాత్కాలికం, ఇరవై రెండో ఏట కూడా తాత్కాలికమే.

ఆవిడకు తొమ్మిదేళ్లప్పుడు తండ్రి పోయాడు. పదహారేళ్ల అన్నయ్య చదువు మానేసి లేత్ మిషను దగ్గర పనికి కుదిరాడు. చెల్లెలిని డిగ్రీ దాకా చదివించాడు. తర్వాత తనే ఒక చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాడు, ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి పై గదిలో ప్రశ్నలక్క ఉండేది. భోజనం కింద, అన్నావదినలతో. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నేనొకసారి అడిగితే, "ప్రశ్నలు అడగడం నా ఉద్యోగం. నువ్వు నా ఉద్యోగం లాక్కోకు" అంది.

తన పనిలో ఆవిడకు కొన్ని పద్ధతులుండేవి. గుమ్మానికి ఎదురుగా నిలబడేది కాదు, ఒక పక్కకు జరిగి నిలబడేది. లోపలివాళ్లకు వీధి కనబడుతుంటే భయం ఉండదట. భార్యాభర్తలను ఒకేచోట కూర్చోబెట్టి అడిగేది కాదు. "మొగుడు ఇంట్లో ఉంటే ఆవిడ అభిప్రాయం మంచినీళ్లు తేవడానికని లోపలికి పోతుంది, మళ్లీ బయటికి రాదు" అనేది. ఎవరు ఏం చెప్పినా మొహంలో కనుబొమ్మ కూడా కదిలేది కాదు. ఒకాయన అరగంటసేపు ప్రభుత్వాన్నీ, యూనివర్సిటీనీ, ఆవిడనూ కలిపి తిట్టాడు. ఫారం అంచున ఆవిడ రాసింది ఇదీ: "చాలా కోపంగా ఉన్నారు. కానీ కుర్చీ వేశారు." పట్టికలకంటే ఆ అంచుల్లోని మాటలే నాకు ఎక్కువ ఇష్టంగా ఉండేవి.

"ఇంతకీ మీరేమంటారు?" అని జనం ఎదురడిగితే, "నా అభిప్రాయాన్ని ఇంటి దగ్గర వదిలేసి వచ్చానండీ, దానికి ఒంట్లో బాగోలేదు" అనేది. వాళ్లు నవ్వేవారు. ఆ తర్వాత నిజం చెప్పేవారు. చివర్లో లేచేముందు ప్రతి ఇంట్లోనూ ఒక మాట తప్పకుండా చెప్పేది: "మీరన్నది మీకూ నాకూ మధ్యే. కాగితం మీద మీ మాట ఉంటుంది గానీ మీ పేరుండదు, మీ ఇల్లుండదు." ఆ మాటను ఆవిడ ఉద్యోగానికని అనేది కాదు. నమ్మి అనేది.

ఆ ఏడాది ఊరు రెండుగా చీలింది. ఊరి చివర పెద్ద పెద్ద గోదాములు వచ్చాయి. వాటిలో పనికి బయటి ఊళ్ల నుంచి వేలమంది వచ్చి, రైలు పట్టాల అవతల ఇరుకు గదుల్లో కాపురాలు పెట్టారు. నగర సభ ఎన్నికల్లో వాళ్లకు ఓటు ఉండాలా, ఉంటే ఎన్నేళ్లు నివాసం ఉన్నాక ఇవ్వాలన్నది గొడవ. పదేళ్లు నిండాల్సిందేనని ఒక వర్గం. వచ్చిన వెంటనే ఇవ్వాలని ఇంకో వర్గం. వీళ్లకు పదేళ్లవాళ్లని, వాళ్లకు వెంటనేవాళ్లని పేర్లు పడిపోయాయి. సాయంత్రమైతే టీవీలో నాలుగు గడుల్లో నాలుగు తలకాయలు అరుచుకునేవి. మా వీధి మంగలి షాపులో ఇద్దరు అన్నదమ్ములు మధ్యలో గోడ కట్టించుకున్నారు. గోడకు అటు గడ్డం గీయించుకున్నవాడు ఇటు తల కత్తిరించుకోవడానికి వీల్లేదు.

అప్పుడు మా ప్రొఫెసర్ గారు కొత్త సర్వే తయారుచేశారు. అందులో తెలివైన సంగతి ఒకటుంది. "ఎన్నేళ్లు ఉన్నాక ఓటివ్వాలి?" అని అడిగి ఊరుకోకుండా, "అవతలి వర్గంవాళ్లు ఎన్నేళ్లంటారని మీ ఉద్దేశం?" అని కూడా అడిగారు. "అవతలి వర్గం మనిషికి మీ ఇంట్లో వాటా అద్దెకిస్తారా?" అన్నది మూడో ప్రశ్న.

పన్నెండు వందల ఇళ్లు. రెండున్నర నెలలు పట్టింది. లెక్కలు తేలిన రోజు నేను తప్పు చేశాననుకుని మూడుసార్లు మళ్లీ చూసుకున్నాను. పదేళ్లవాళ్లమని చెప్పుకున్నవాళ్లను విడిగా, గుమ్మం దగ్గర, మెల్లగా అడిగితే సగటున చెప్పింది దాదాపు నాలుగేళ్లు. వెంటనేవాళ్లు చెప్పింది రెండున్నర. ఊరు కొట్టుకు చస్తున్న తేడా ఏడాదిన్నర! అవతలివాళ్ల గురించి అడిగితే మాత్రం లెక్క ఆకాశానికి ఎక్కింది. "వాళ్లా? బస్సు దిగిన రోజే ఓటు రాసివ్వమంటారు" అని వీళ్లు. "వాళ్లా? చచ్చేదాకా ఇవ్వరు" అని వాళ్లు. అద్దె ప్రశ్నకు వందలో అరవై మందికి పైగా, రెండు వైపులా, ఇవ్వబోమన్నారు.

ప్రొఫెసర్ గారు కుర్చీలోంచి లేచి గదిలో తిరగడం మొదలుపెట్టారు. "జనం కొట్టుకుంటున్నది విషయం మీద కాదు. ఎదుటివాడు ఎంత చెడ్డవాడో తమ మనసులో గీసుకున్న బొమ్మ మీద. ఇది బయటపెడితే సగం గొడవ చల్లారిపోతుంది" అన్నారు.

ప్రశ్నలక్క గోడవారగా నిలబడి చెప్పుల్లోంచి ఇసుక దులుపుకుంటోంది. "చల్లారదు సార్" అంది.

"ఎందుకు చల్లారదు?"

"ఎదుటివాడు చెడ్డవాడు కాదని చెప్తే ఎవరూ సంతోషించరు సార్. ఇన్నాళ్లూ వాడిని తిట్టినదంతా వృథా అయిపోదూ?"

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

టీవీవాళ్లు ప్రొఫెసర్ గారిని పిలిచారు. ఆయన మూడు పట్టికలు పట్టుకుని వెళ్లారు. ఏడాదిన్నర తేడా గురించి మొదలుపెట్టగానే యాంకర్ ఆపింది. "సార్, ప్రేక్షకులకు సూటిగా చెప్పండి. మీరు ఎవరి వైపు?"

"నేను లెక్కల వైపు" అన్నారాయన. ఆ ఒక్క మాటతో రెండు వర్గాలకూ శత్రువైపోయారు. ఏడాదిన్నర సంగతి ఎవరి చెవినా పడలేదు. అద్దె ప్రశ్న మాత్రం రెండో రోజుకల్లా గోడలెక్కింది. పదేళ్లవాళ్ల పోస్టరు మీద, "వందకు అరవై ఒక్కమంది వెంటనేవాళ్లు మనల్ని పక్కింట్లో కూడా ఉండనివ్వరు! యూనివర్సిటీయే చెప్పింది!" అని. వెంటనేవాళ్ల పోస్టరు మీద ఇదే మాట, వాళ్ల లెక్కతో. ఎవరికి కావలసిన సగం వాళ్లు చింపుకుపోయారు.

ఆ పోస్టరు సంగతి ప్రశ్నలక్క ఇంట్లో భోజనాల దగ్గర వచ్చింది. ఆవిడ తర్వాత నాకు మాట పొల్లుపోకుండా చెప్పింది. ఆవిడకు అలా గుర్తుంచుకోవడం అలవాటు.

"చూశావా చెల్లెమ్మా? వందకి అరవై ఒక్కమంది! ఇలాంటివాళ్లకా మనం ఓటిచ్చేది?" అన్నాడు అన్నయ్య. ఆయన పదేళ్లవాళ్లలో ముఖ్యుడు. వాళ్ల వీధి సంఘానికి కార్యదర్శి.

"మీవాళ్లలో అరవై మూడు అన్నయ్యా."

"మీవాళ్లేమిటి? మీవాళ్లంటే? మరి నువ్వెవరు?"

"నేను అడిగేదాన్ని."

"అవతలి వీధుల్లో తిరిగి తిరిగి నీకు ఆ గాలి పట్టింది. వాళ్ల టీ తాగుతావు, వాళ్ల గడప మీద కూర్చుంటావు."

"ఇటువైపూ తాగుతున్నాను. ఇక్కడి టీలోనే పంచదార ఎక్కువ" అంది ఆవిడ. వదిన నవ్వబోయి, మొగుడి మొహం చూసి, గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.

రెండు నెలల తర్వాత ప్రొఫెసర్ గారు రెండో విడత సర్వే మొదలుపెట్టారు. ఊళ్లో ఇంత రగడ జరిగాక జనం మాట మారిందేమో చూడాలని, అవే ఇళ్లకు మళ్లీ వెళ్లి అవే ప్రశ్నలు అడగాలి. ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. మా నియమం ప్రకారం ఇంటి చిరునామా ఉన్న కాగితం వేరు, జవాబుల కాగితం వేరు. చిరునామాలు ఆఫీసు బీరువాలో ఉంటాయి, రెండింటినీ కలిపేది ఒక అంకె మాత్రమే. కానీ ఈసారి ఇంటికీ ఫారానికీ పాత జవాబుకూ లంకె కుదర్చడం పెద్ద తలనొప్పి. అందుకని చిరునామా కాగితం, పాత జవాబుల కాగితం, కొత్త ఫారం మూడూ కలిపి స్టేప్లర్‌తో పిన్ను కొట్టేశాను. నా పని సులువవుతుందని.

ప్రశ్నలక్క ఆ కట్టలు చూసి ఆగిపోయింది. "ఇవి విడిగా ఉండాలి కదమ్మా?"

"కొన్నాళ్ల పనేగా అక్కా. సాయంత్రానికల్లా మళ్లీ బీరువాలో పెట్టేస్తాంగా. మధ్యలో ఎవరు చూస్తారు?"

"నేను వాళ్లకి మాటిచ్చాను."

"మాట ఎక్కడికీ పోదు. నీ సంచిలోనేగా ఉంటుంది" అన్నాను. ఆవిడ ఒక్కో కట్టా లెక్కపెట్టుకుని సంచిలో సర్దుకుంది.

అన్నయ్య వర్క్‌షాపుకు రెండు వీధుల అవతల బట్టల వీధి. ఆ వీధి మొత్తం పదేళ్లవాళ్లదే. గుమ్మం గుమ్మానికీ వాళ్ల వర్గం గుర్తు బొమ్మ అంటించి ఉండేది. అక్కడ ఒక ముసలి దర్జీ ఉన్నాడు. ఆయన గుమ్మానికి ఉన్న బొమ్మ అందరి గుమ్మాల బొమ్మకంటే పెద్దది. మొదటి విడతలో ప్రశ్నలక్క వెళ్లినప్పుడు ఆయన మిషను ఆపి, అద్దాలు తుడుచుకుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"రెండేళ్లు చాలమ్మా. నలభై ఏళ్ల కిందట నేనూ బయట్నుంచి వచ్చినవాడినే. ఈ వీధిలో ఎవరికీ గుర్తులేదు గానీ నాకు గుర్తుందిగా. అప్పుడు నన్ను ఎన్నేళ్లని ఎవరడిగారు?"

"మరి గుమ్మం మీద ఆ బొమ్మ?"

"అది నా అభిప్రాయం కాదమ్మా, నా తలుపు. ఈ మాట వీధిలో తెలిసిందంటే నా మిషను రోడ్డు మీద ఉంటుంది."

"మీకూ నాకూ మధ్యే బాబాయ్" అంది ప్రశ్నలక్క.

రెండో విడతలో బట్టల వీధి వంతు ఒక మంగళవారం వచ్చింది. ముందు రోజు భోజనాల దగ్గర అన్నయ్య అలవాటుగా, "రేపు ఎటు?" అని అడిగాడు. ఆవిడా అలవాటుగా చెప్పింది. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో రోజూ జరిగే సంభాషణే అది.

అప్పటికే ఊళ్లో ఒక పుకారు పాకుతోంది. సర్వేవాళ్లు ఎవరు ఎటువైపో జాబితా రాస్తున్నారని, అది అవతలివాళ్లకు అందుతుందని. మధ్యాహ్నం మూడింటికి ప్రశ్నలక్క నాలుగో ఇంటి మెట్లు దిగుతుంటే పాతికమంది చుట్టుముట్టారు. సగంమంది తెలిసిన మొహాలే. ఆవిడ వాళ్ల ఇళ్లలో కూర్చుని నీళ్లు తాగినదే.

"జాబితా చూపించు."

"జాబితా లేదండీ. ఇవి సర్వే ఫారాలు."

"అయితే చూపించడానికేం?"

సంచి పట్టి లాగారు. ఆవిడ వదల్లేదు. పట్టీ తెగింది. నలభై ఒక్క కట్టలు రోడ్డు మీద పడ్డాయి. ఒకడు ఒక కట్ట తీసి, పై కాగితం మీద ఇంటి నంబరు చూశాడు, లోపలి కాగితం మీద జవాబు చూశాడు. వాడికి పండగలా అనిపించింది. మెట్టెక్కి నిలబడి చదవడం మొదలుపెట్టాడు.

"తొమ్మిదో నంబరు! పదేళ్లు కావాలి! శభాష్!" జనం చప్పట్లు కొట్టారు. "పదకొండో నంబరు! ఐదేళ్లు చాలట!" ఆ పదకొండో నంబరాయన గుంపులోనే ఉన్నాడు. "నేనలా అనలేదు, ఈవిడే రాసుకుంది!" అని అందరికంటే గట్టిగా అరిచాడు.

"ఇరవై మూడో నంబరు..." చదివేవాడు ఆగాడు. మళ్లీ చూసుకున్నాడు. "దర్జీ! రెండేళ్లట! కింద రాసుంది చూడండి, 'నేనూ బయటినుంచి వచ్చినవాడినే' అన్నాడట!"

అంచున రాసిన మాట అది. ప్రశ్నలక్క చేతిరాత.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దర్జీ తన దుకాణం గుమ్మంలో మెడలో టేపుతో నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

కాగితాల కోసం వంగిన ప్రశ్నలక్క తలెత్తి చూసింది. గుంపు చివర కరెంటు స్తంభం పక్కన అన్నయ్య ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆయన ముందుకు రాలేదు. చూపు దించుకుని తన చెప్పుల వంక చూసుకున్నాడు.

ఆవిడ ఆఫీసుకు వచ్చేసరికి మోచెయ్యి గీరుకుపోయి ఉంది. సంచిలో ఇరవై ఆరు కట్టలే ఉన్నాయి. నా బల్ల మీద పెట్టి, "మిగతావి అక్కడే ఉన్నాయి. చదువుకుంటున్నారు" అంది. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆవిడ ఓదార్చలేదు. "పిన్ను కొట్టింది నువ్వు. మోసుకెళ్లింది నేను. ఆ సంగతి నువ్వూ మర్చిపోకు. నేనెలాగూ మర్చిపోను" అంది. ఆ మాట నాకు న్యాయంగానే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

దర్జీని ఎవరూ కొట్టలేదు, దుకాణం మీద ఒక్క రాయి పడలేదు. కుట్టమని ఇచ్చిన బట్టల్ని ఒక్కొక్కరూ వచ్చి, "అర్జంటేం లేదులే" అంటూ వెనక్కి తీసుకుపోయారు. కత్తిరించిన బట్టను కూడా ముక్కలుగానే పట్టుకుపోయారు. మూడు వారాల్లో దుకాణంలో హ్యాంగర్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన మిషను తీసుకుని రైలు పట్టాల అవతల, కొత్తగా వచ్చినవాళ్లుండే చోటికి మారాడు. అక్కడివాళ్లకు ఆయన బట్టల వీధి మనిషి. ఆ పెద్ద బొమ్మ అంటించుకున్నవాడు. వాళ్లూ బట్టలివ్వలేదు.

ప్రశ్నలక్క ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లింది. ఇరుకు గది, మిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆవిడను లోపలికి రమ్మనలేదు.

"బాబాయ్, తప్పు నాది. నేను మాటిచ్చి..."

"నీ తప్పని నేననను. నువ్వు మంచిదానివే" అన్నాడు దర్జీ. "కానీ చూడు, నలభై ఏళ్లు ఆ మాట నా కడుపులో ఉంది. ఎవరికీ అడ్డం రాలేదు. నువ్వొచ్చి మెల్లగా అడిగావు, బాగా అడిగావు. ఇంకెవరైనా అడిగితే చెప్పేవాడిని కాదు. అంత బాగా అడక్కుండా ఉండాల్సింది తల్లీ."

ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడింది.

"మళ్లీ నా గుమ్మం ఎక్కకు" అన్నాడాయన. కోపంగా కాదు. అలసిపోయి.

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లి, పై గదిలోంచి పరీక్ష అట్టా పెన్నూ తీసుకుని కిందికి దిగింది. అన్నయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ మంగళవారం తర్వాత ఇద్దరి మధ్యా సరిగ్గా మాటల్లేవు. ఒక్కసారి మాత్రం ఆయన, "ఊరికే మాట్లాడి పంపించేస్తామన్నారు, ఇంత చేస్తారనుకోలేదు" అన్నాడు. అంటే ఆవిడ ఆ రోజు ఎటు వెళ్తుందో వాళ్లకు చెప్పింది తనేనని ఒప్పుకున్నట్టే.

ఆవిడ ఆయన ఎదురుగా స్టూలు వేసుకుంది.

"ఒక్క పావుగంట మాట్లాడొచ్చాండీ?"

"ఏమిటీ నాటకం?"

"నాటకం కాదు. మా సర్వేలో బంధువుల్ని అడక్కూడదు. అందుకని ఇరవై రెండేళ్లలో నిన్ను ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఇది ఎక్కడికీ పోదు, ఫారం కూడా లేదు, తెల్లకాగితం. బయటినుంచి వచ్చినవాళ్లు ఎన్నేళ్లు ఉన్నాక ఓటివ్వాలంటావు?"

"తెలీదా నీకు? పదేళ్లు."

"అది మీ సంఘం మాట. నేను సంఘాన్ని అడగలేదు."

అన్నయ్య వాకిలి వైపు చూశాడు, ఎవరూ లేరని చూసుకున్నాడు. నా ఉద్దేశంలో ఆవిడ ప్రశ్నలు అడిగే తీరులోనే ఏదో ఉంది. ఎవరూ తప్పించుకోలేరు.

"మూడేళ్లు చాలు" అన్నాడు. "పనిచేసి బతికేవాడు మూడేళ్లలో తెలిసిపోతాడు. నా వర్క్‌షాపులో ఇద్దరున్నారుగా వాళ్లు. మంచివాళ్లే."

ఆవిడ కాగితం మీద మూడు వేసింది.

"దర్జీ రెండన్నాడు."

ఆయన కాగితం మీది మూడు వంక చూశాడు.

"ఒక్క ఏడాది అన్నయ్యా. నీకూ ఆయనకూ ఒక్క ఏడాది తేడా. మరి ఆ స్తంభం దగ్గర ఎందుకు నిలబడ్డావు?"

"నిలబడకపోతే నన్నేమనుకుంటారు? పాతికమంది ఉన్నారక్కడ."

"ఆ పాతికమందిలో ఇంకెంతమంది మూడనుకుంటూ నిలబడ్డారో నీకు తెలుసా? నాకు తెలుసు. వాళ్ల ఫారాలు నేనే రాశాను."

"తెలిస్తే అప్పుడే గట్టిగా చెప్పాల్సింది, పేర్లతో సహా" అన్నాడు అన్నయ్య. అని, తనేమన్నాడో తనకే అర్థమై ఆగిపోయాడు.

వంటగది గుమ్మంలోంచి వదిన అంది: "నన్నడిగితే ఏడాది చాలంటాను. అడిగేవాళ్లేరీ?"

ప్రశ్నలక్క పెన్నుకు మూత పెట్టింది.

వారం తిరక్కుండా ప్రశ్నలక్క ఆ ఇల్లు ఖాళీ చేసింది. అన్నయ్య ఆపలేదు. అద్దె గది కోసం నేనూ ఆవిడతో తిరిగాను. ఎక్కడికెళ్లినా ఇంటివాళ్లు గది చూపించకముందే, "ఇంతకీ మీరెటు?" అని అడిగేవారు. మూడు చోట్ల ఆవిడ, "ఎటూ కాదండీ" అంది. మూడు చోట్లా తలుపులు వేశారు. నాలుగో ఇల్లు వెంటనేవాళ్లది. "వెంటనేవాళ్లమేనండీ, మా ఇంటిల్లిపాదీ" అంది ప్రశ్నలక్క, కనుబొమ్మ కదలకుండా. గది దొరికింది.

యూనివర్సిటీ పెద్దలు సర్వేను ఆపేయమన్నారు. దానితో పాటే ఆవిడ తాత్కాలిక ఉద్యోగమూ ఆగిపోయింది. ప్రొఫెసర్ గారు ఆ లెక్కలతో పెద్ద వ్యాసం రాశారు. నిజంగానే మంచి వ్యాసం. పరాయి దేశాల్లో కూడా చదివారు, పిలిచి మాట్లాడించారు. ఒక కాపీ ఆవిడకిమ్మని నా చేతికిచ్చారు. దాని పదిహేడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యముంది: "క్షేత్రంలో జరిగిన ఒక అవాంఛనీయ సంఘటన కారణంగా నలభై ఒక్క ఇళ్ల సమాధానాలను లెక్కలోకి తీసుకోలేదు."

ఆవిడ ఆ వాక్యం మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. "అంటే దర్జీ చెప్పిన రెండేళ్లు ఇందులో లేవా?" అని అడిగింది.

"లేవక్కా."

"వీధి లెక్కలో ఉండి, మీ లెక్కలో లేకుండా పోయాడన్నమాట."

ఎనిమిది నెలల తర్వాత నగర సభ ఓటింగ్ పెట్టి నిర్ణయం తీసుకుంది. మూడేళ్లు. ఊళ్లో ఎవరిని గుమ్మం దగ్గర అడిగినా అటూఇటూగా చెప్పిన లెక్కే అది. మర్నాడు పదేళ్లవాళ్లు నల్లగుడ్డలు కట్టుకుని ఊరేగింపు తీశారు. వెంటనేవాళ్లు ఇంకో వీధిలో ఇంకో ఊరేగింపు తీశారు. తమకు ద్రోహం జరిగిందని రెండూ అరిచాయి. పదేళ్లవాళ్ల ఊరేగింపులో ముందు వరసలో జెండా పట్టుకుని అన్నయ్య నడిచాడు. తను మనసులో అనుకున్నదే జరిగినందుకు అంత దుఃఖపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

దర్జీ అప్పటికి ఊళ్లో లేడు. ఏ ఊరు వెళ్లాడో ఎవరికీ తెలియదు. వెళ్లిన చోట మళ్లీ మూడేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడేమో.

ప్రశ్నలక్కకు నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు దగ్గర పని దొరికింది. అద్దంలో చిన్న కన్నం, దాని వెనక ఆవిడ. ఇంటి నంబరు, వీధి, ఏం ఇబ్బంది, ఎప్పట్నుంచి. అంతకుమించి ఒక్క ప్రశ్న అడగదు. నేను అప్పుడప్పుడు మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్లి కూర్చుంటాను. రానిస్తుంది. అంతకంటే ఎక్కువ నేను ఆశించను.

మొన్న వెళ్లినప్పుడు, అన్నయ్య వచ్చాడని చెప్పింది. వరుసలో తొమ్మిదిమంది వెనక నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగాడట. కన్నం దగ్గరికి వచ్చి వంగి, "చెల్లెమ్మా" అన్నాడట.

"నువ్వేమన్నావు?"

"ఇంటి నంబరు చెప్పండి అన్నాను."

"చెప్పాడా?"

"చెప్పాడు. వీధి చెప్పమన్నాను. అదీ చెప్పాడు. రాసుకున్నాను. రెండు రోజుల్లో మనిషి వస్తాడని చీటీ ఇచ్చాను. వెనకాయన తోస్తున్నాడు, జరిగి వెళ్లాడు."

ఇంకేమీ అడక్కూడదని తెలిసి కూడా అడిగాను. "మరి ఎందుకొచ్చాడటక్కా?"

ఆవిడ డబ్బా మూత పెట్టి, చెయ్యి తుడుచుకుంటూ, "పది రోజుల్నుంచీ నీళ్లు ఎర్రగా వస్తున్నాయట" అంది.